చిలుము

టీ గ్లాసు అంచున ఎవరివో పెదవుల ముద్ర అలాగే ఉంది. కడిగిన గ్లాసు కాదు, నీళ్ళలో ముంచి తీసింది. మాస్టారు దాన్ని మెల్లగా తిప్పి ముద్ర లేని వైపు వెతికారు, ఆ వైపున వేళ్ళ జిడ్డు గీత కనిపించింది, తాగినట్టు పెదవి ఆనించి పక్కనున్న పాత బ్యాటరీ మీద పెట్టేశారు. వద్దనడానికి నోరు రాలేదు. ఆ టీ తెచ్చింది ముసలి మెకానిక్. చేస్తున్న పని ఆపి, చేతులు ప్యాంటుకి తుడుచుకుని, రోడ్డు దాటి వెళ్ళి రెండు గ్లాసులు పట్టుకొచ్చాడు. ఒకటి మాస్టారి ముందు పెట్టాడు, ఒకటి ఆయన బావమరిది ముందు పెట్టాడు, తనకి తెచ్చుకోలేదు. ముఖంలోకి చూడలేదు. పదకొండేళ్ళుగా ఈ మనిషి దగ్గరికే బండి తెస్తున్నారు, ఎప్పుడూ టీ ఇచ్చింది లేదు, రండి సార్ అని ఒక్క మాట అని చక్రం ముందు గొంతుక్కూర్చునేవాడు. ఇప్పుడు టీ. తప్పు చేసినవాడి టీ. ఆ తప్పు అతను చెయ్యలేదని తెలిసిన మనిషి ఈ షెడ్డులో ఒక్కరే ఉన్నారు, ఆ ఒక్కరూ టైరు మీద పలక వేసిన పీట మీద కూర్చుని గ్లాసు అంచు చూసి మొహం చిట్లించుకుంటున్నారు.

గంట పడుతుందన్నాడు మెకానిక్, నేలకేసి చూస్తూ. పాత హారన్ విప్పి ఈ కొత్తదాన్ని బిగించేస్తే అయిపోదట, ఇది కరెంటు ఎక్కువ లాగుతుందట, బ్యాటరీ నుంచి వేరే తీగ తేవాలి, మధ్యలో రిలే పెట్టాలి, లేకపోతే నాలుగు రోజుల్లో స్విచ్ మాడిపోతుంది. చెప్పింది బావమరిదికి. వినాల్సింది తనేనన్నట్టు అతను మెకానిక్ నెత్తి మీద నిలబడి ఉన్నాడు, చేతులు కట్టుకుని, పరీక్ష హాల్లో కాపీ కొట్టేవాణ్ణి కనిపెట్టుకుని నిలబడే ఇన్విజిలేటర్‌లా. పదిహేనేళ్ళుగా ప్రింటింగ్ ప్రెస్సులో మెషీన్ల మధ్య పని చేసి చెవులు సగం పోయాయి అతనికి, ఆ పోయిన సగానికి బదులు మాట రెండింతలైంది. ఈ హారన్ కొన్నది అతనే. పొద్దున తెచ్చి టేబుల్ మీద పెట్టి, ఇది నీ బండికి పెట్టించాల్సిందే బావా అన్నాడు, వాడి చేత్తోనే పెట్టించాలి, ప్రతి మరా బిగిస్తున్నప్పుడు వాడికి మా అక్క గుర్తు రావాలి అన్నాడు. మాస్టారు సరే అన్నారు. ఈ రెండు నెలల్లో ఆయన అన్నవన్నీ సరేలే.

హారన్ పెట్టె నేల మీద పడి ఉంది. దాని మీద సింహం బొమ్మ, నోరు బార్లా తెరిచి, నాలుకా అంగిలీ లోపలి కొండనాలుకా అన్నీ కనిపించేలా. పెట్టెలోంచి వచ్చినవి రెండు ఎర్ర బిళ్ళలు, ఒక్కోటి సాసరంత, ముందు జల్లెడలాంటి మూత. ఒకటి కీచుగా మోగుతుంది, ఒకటి బొంగురుగా, రెండూ కలిస్తే ముందున్నవాడు బతికుంటే గెంతుతాడు, చచ్చినా లేస్తాడు అని షాపువాడు చెప్పాడట. ఆ మాట నోట్లోంచి వచ్చాక బావమరిది ఒక్క క్షణం ఆగాడు. తర్వాత ముక్కు రుద్దుకున్నాడు. మాస్టారు ఆ బిళ్ళల కేసి చూడకుండా ఉండాలని చూస్తున్నారు, కానీ చూపు ఇంకెక్కడ ఆనించాలో తెలియడం లేదు. గోడకి వేలాడే గొలుసులు పేగుల్లా ఉన్నాయి. కింద నేల ఎన్నేళ్ళ ఆయిల్ తాగిందో, చెప్పు ఆనిస్తే మెత్తగా దిగుతోంది. మాడిన రబ్బరు వాసన, పెట్రోలు వాసన, ఎవరో చెయ్యి కడుక్కున్న సబ్బుపొడి వాసన, అన్నీ కలిసి నాలుక మీద పేరుకుంటున్నాయి. ఉమ్మాలనిపించింది. మింగారు.

రోడ్డు మీద ఒక స్కూటర్ మేకపిల్లలా అరిచింది. దాని వెనక కారు అదే అరుపు అందుకుంది, దాని వెనక బస్సు గొంతు సవరించుకుని అందరి మీదా పడింది. ఎందుకు అరుస్తున్నారు, ఎవరూ కదలడం లేదు, కదిలే చోటూ లేదు. చెయ్యెత్తండి, అరవకండి. ఇరవై రెండేళ్ళుగా క్లాసులో మాస్టారు చెప్పే మొదటి మాట అది. జవాబు తెలిసినవాడు చెయ్యెత్తుతాడు, తెలియనివాడు అరుస్తాడు. రోడ్డు మీద కూడా అంతే అనుకునేవారు. హారన్ కొట్టడమంటే ముక్కూ మొహం తెలియని మనిషి రెక్క పట్టుకుని ఈడ్చడం. బండి కొన్నాక ఒక్కసారి కూడా కొట్టలేదు. మొదట అది ఊరికే అలవాటు. ఎవరో గమనించారు, స్టాఫ్ రూములో అన్నారు, పిల్లల దాకా పాకింది. స్కూలు వార్షికోత్సవం రోజున హెడ్మాస్టర్ మైకులో, మన లెక్కల మాస్టారి బండి హారన్ మీలో ఎవరైనా విన్నారా అని అడిగితే, లేదు సార్ అని ఆరువందల గొంతులు ఒకేసారి అన్నాయి. మాస్టారు తల వంచుకుని కూర్చున్నారు. వంచుకున్న తల కింద నవ్వుకున్నారు. ఆ రోజు లోపల ఊరిన తీపి ఇప్పటికీ జ్ఞాపకమే, ఇప్పుడు అది పుల్లటి తేన్పులా గొంతు దాకా వచ్చి ఆగుతోంది. ఆ రోజు నుంచి అది అలవాటుగా మిగల్లేదు, పేరైపోయింది. పేరును కాపాడుకోవాలి కదా.

ఇదే షెడ్డులో ఏడాదికి మూడుసార్లు ఒకే తంతు. మెకానిక్ చెవి మీద పెన్సిలు తీసి అట్టముక్క మీద రాసుకుంటూ అడిగేవాడు. బ్రేకులు? కాస్త వదులు. లైటు? బాగుంది. హారన్? దానితో నాకు పనిలేదు. అందరూ మీలా ఉంటే నా చెవులు ఇలా అయ్యేవి కాదు సార్ అని నవ్వేవాడు. నాలుగేళ్ళు పోయాక హారన్ సంగతి అడగడమే మానేశాడు. అడగకపోవడాన్ని కూడా మాస్టారు తనకు జరిగిన మర్యాదగానే లెక్కేసుకున్నారు.

పాత హారన్ విప్పుతున్నాడు. హెడ్‌లైటు కింద, ఎవరికీ కనపడని చోట, మట్టి కొట్టుకుపోయిన చిన్న నల్ల బిళ్ళ. దాన్ని పీకి మెకానిక్ పక్కన పెట్టాడు, పెట్టే తీరు చూస్తే ఏదో నిద్రపోతున్నదాన్ని పడుకోబెట్టినట్టుంది. బండికి నోరు తీసేశారు, భార్య ఉంటే అలాగే అనేది. మీ బండికీ నోరు లేదు, మీకూ లేదు, ఇంట్లో ఉన్న ఒక్క నోరూ నాది, దాన్నీ నెమ్మదంటే ఎలాగండీ. వెనక కూర్చుని ఆమే హారన్ కొట్టేది, నోటితో. పీం, పీం, తప్పుకో నాన్నా, కాస్త జరగమ్మా, మా ఆయన మర్యాదస్తుడు, హారన్ కొట్టడు, నన్ను కొట్టమన్నాడు. నడిచేవాళ్ళు తిరిగి చూసి నవ్వేవాళ్ళు, నవ్వుతూ తప్పుకునేవాళ్ళు. ఒక ముసలాయన అయితే చేత్తో దారి చూపించి సెల్యూట్ చేశాడు. మాస్టారికి చెవులు ఎర్రబడేవి. నెమ్మది, నెమ్మది అనేవారు. అంటే ఇన్నేళ్ళూ హారన్ లేకుండా బండి నడిపిందెవరు? ఆయనా? ఆమె వెనక కూర్చుని మోగుతుంటే ఆయన ముందు కూర్చుని మౌనానికి మెప్పు పొందారు. ఈ సంగతి అప్పుడు తట్టలేదు. రెండు నెలలుగా రోజూ తడుతోంది, పళ్ళు తోముకుంటున్నప్పుడు ఎక్కువగా, అద్దంలో నోరు తెరిచి ఉన్నప్పుడు.

ఆ రోజు నోటితో కొట్టలేదు ఆమె. తలగడలు ఉన్నాయి. పాతవి గడ్డకట్టి మెడలు పట్టేస్తున్నాయని రెండు కొత్తవి కొన్నారు, ప్లాస్టిక్ సంచిలో ఉబ్బిపోయి ఉన్నాయి, వాటిని ఒళ్ళో పెట్టుకుని ఆయన వీపుకీ తనకీ మధ్య ఇరికించి కూర్చుంది. చేతులు సంచి చుట్టూ ఉన్నాయి, ఆయన నడుం దాకా అందలేదు. గడ్డం తలగడ మీద ఆనించి ఏదో చెబుతోంది, మాటలు దూదిలోంచి వస్తున్నట్టున్నాయి. సిమెంటు గోడౌను సందులో లారీ ముందు భాగం లోపల ఉంది, వెనక్కి వస్తోంది. మాస్టారు ఆపారు. డ్రైవరు అద్దంలో చూస్తాడు కదా. లారీ ఆగలేదు, మెల్లగానే వస్తోంది, నడిచే మనిషంత మెల్లగా. కొట్టండి ఒకసారి, అంది ఆమె. ఆయన రెండు కాళ్ళూ నేల మీద పెట్టి బండిని వెనక్కి తోశారు, ఒక అడుగు, ఇంకో అడుగు. కొట్టండి. బొటనవేలు హ్యాండిల్ రబ్బరు మీద ఉంది, బొత్తానికి ఒక అంగుళం దూరంలో. చూస్తాడులే అనుకున్నారు. ఆ తర్వాత ఇంకొకటి అనుకున్నారు. ఈ రెండో ఆలోచనను ఆయన ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు, తనకు తాను కూడా పూర్తిగా చెప్పుకోలేదు, ప్రతిసారీ సగంలో వదిలేసి లేచి మంచినీళ్ళు తాగుతున్నారు. పదకొండేళ్ళు కొట్టనిది ఇప్పుడు కొట్టడమా. అది ఆ ఆలోచన. మొత్తం అంతే. ఎంత చిన్నది, ఎంత జిగటగా ఉంది. అడ్డంగా కోస్తే లోపల ఆరువందల మంది పిల్లలు లేదు సార్ అంటూ ఉంటారు. వెనక చక్రం కాలువ అంచున దిగింది, బండి ఒరిగింది, ఆయన ఇటు పడ్డారు. ఆమె అటు పడింది, లారీ వైపు. మధ్యలో తలగడలుండటం వల్ల ఆమె పట్టు తప్పడం వీపుకి తెలియలేదు. తలగడలకి గీత కూడా పడలేదు. అలమారా మీద ఉన్నాయి, సంచి విప్పలేదు.

ఆసుపత్రి వరండాలో ఫినాయిలు వాసన. బావమరిది ప్రెస్సు నుంచి అలాగే పరిగెత్తుకొచ్చాడు, చేతులకి సిరా ఉంది, ఆ సిరా చేతులతో మాస్టారి రెండు భుజాలూ పట్టుకుని కుదిపాడు. హారన్ కొట్టలేదా బావా?

మోగలేదు, అన్నారు మాస్టారు.

ఒక్క మాట. మాటలు తూచి వాడే మనిషి కదా, ఆ స్థితిలో కూడా తూచారు. కొట్టాను అనలేదు, అది అబద్ధమయ్యేది. కొట్టలేదు అనలేదు, దానికి ధైర్యం లేదు. మోగలేదు. ఈ మాటని పట్టుకుని ఎవరూ ఏమీ అడగలేరు, నిలబెట్టి అడిగినా ఇది తప్పని రుజువు చెయ్యలేరు. ఆమె లోపల ఇంకా వెచ్చగా ఉండి ఉంటుంది, ఈయన వరండాలో నిలబడి మాట ఏరుకుంటున్నారు. తన మీద తనకి ఇంత రోత ఉంటుందని అప్పటిదాకా తెలియదు. ఆ మాట మర్నాటికి ఊరంతా తిరిగింది. పాపం హారన్ మోగలేదట. పలకరించడానికి వచ్చినవాళ్ళందరి నోళ్ళలోనూ అదే, ఒకరు తాగి పెట్టిన గ్లాసు ఇంకొకరు అందుకుంటున్నట్టు. పక్కింటావిడ అంది, పాలవాడు అన్నాడు. స్కూల్లో సంతాప సభలో హెడ్మాస్టర్, ఇంటి నుంచి బయలుదేరే ముందు మీ నాన్నగారి బండి హారన్ మోగుతోందో లేదో చూడండర్రా అని పిల్లలకి చెప్పాడు. పిల్లలు ఇళ్ళకి వెళ్ళి నిజంగానే చూశారట. ఆ వారం ఊళ్ళో ప్రతి గుమ్మం ముందూ ఒక హారన్ మోగింది.

ఆ రోజుల్లోనే బావమరిది ఈ షెడ్డుకి వచ్చాడు. తర్వాత ఇంటికి వచ్చి తనే చెప్పాడు, కాలర్ పట్టుకుని లేవదీశాను బావా, సర్వీసింగ్ అంటే నీళ్ళు కొట్టి తుడవడమనుకున్నావురా అన్నాను. ముసలాడు ఏమన్నాడని మాస్టారు అడిగారు. ఏమంటాడు, సార్ అలా అన్నారా అని అడిగాడు, అన్నారన్నాను, చేతులు కిందికి వదిలేశాడు. చొక్కా మొదటి బొత్తం ఆ రోజే తెగింది కాబోలు. ఇవాళా అదే చొక్కా. బొత్తం ఉండాల్సిన చోట దారం పోగులు వేలాడుతున్నాయి, దాని వెనక గొంతు ఎముక పైకీ కిందికీ కదులుతోంది. మాస్టారు ఆ పోగుల కేసి చూశారు, చూపు తిప్పుకున్నారు, తిప్పుకుంటే సింహం నోరు కనిపించింది.

ఇప్పుడు లేచి చెప్పాలి. పీట మీద నుంచి లేచి, ఇది మీ తప్పు కాదు అని చెప్పాలి, అంతే, చిన్న వాక్యం. రెండు నెలలుగా ఈ వాక్యం నాలుక కింద ఉంది. కానీ బావమరిది ఉన్నాడు. అక్క పోయాక అతను మాస్టారింటికే వస్తున్నాడు రోజూ, ప్రెస్సు నుంచి నేరుగా, ఎదురుగా కూర్చుని పెద్ద గొంతుతో ఏదేదో మాట్లాడి, మాటలైపోయాక బావా నాకు ఇక నువ్వే అని వెళ్ళిపోతున్నాడు. చెబితే రేపటి నుంచి ఆ గొంతు ఉండదు. చెప్పకపోతే ఈ ముసలాడు ఉంటాడు, ఇలాగే తల వంచుకుని, తను చెయ్యని తప్పుకి తన చేతులతో మరలు బిగిస్తూ.

రెండు ఎర్ర బిళ్ళలూ బండి ముందు అటొకటి ఇటొకటి బిగిశాయి. కురుపుల్లా ఉన్నాయి. మెకానిక్ తీగ లాక్కొచ్చి హ్యాండిల్ దగ్గర ఆగాడు. హారన్ బొత్తం మీద బొటనవేలితో ఒకసారి రాశాడు. ఆ బొత్తం మీద బూరా బొమ్మ తెల్లగా, కొన్న రోజున ఎలా ఉందో అలా ఉంది. దాని పక్కన ఇండికేటర్ మీద బొమ్మ పూర్తిగా అరిగిపోయింది. మెకానిక్ ఇంకోసారి రాశాడు. తల ఎత్తి మాస్టారి ముఖంలోకి చూశాడు, ఇవాళ్టికి మొదటిసారి. తెలిసిపోయింది, ఇతనికి తెలిసిపోయింది, చేతులతో బతికేవాడికి చేతి గుర్తులు చదవడం రాదా. మెకానిక్ స్క్రూడ్రైవర్ అందుకుని స్విచ్ డొప్ప విప్పాడు, లోపలికి చూశాడు, చాలాసేపు చూశాడు.

"చిలుము పట్టేసింది," అన్నాడు.

బావమరిది వంగాడు. "ఏది?"

"ఇదిగో, ఈ రెండు ముక్కలూ. రాగివి. రోజూ ఒకదానికొకటి తగుల్తుంటే మెరుస్తా ఉంటాయి. వాడకుండా వదిలేస్తే ఇట్లాగే పచ్చగా అయిపోతాయి. ఇది ఇవాళ్టిది కాదు, ఏళ్ళ నాటిది."

"అయితే?"

"అయితే ఏముంది. కరెంటు పారదు. సార్ ఎంత నొక్కినా మోగేది కాదు." మెకానిక్ గొంతు ఎముక ఒకసారి కదిలింది. "తప్పు నాదే. బండి వచ్చినప్పుడల్లా ఒక్కసారి నొక్కి చూసుంటే దొరికేది. సార్ పనిలేదన్నారని వదిలేశా. మెకానిక్ అన్నవాడు అట్లా వదలకూడదు."

"విన్నావా బావా," అన్నాడు బావమరిది. ఆ పెద్ద గొంతు సగానికి దిగింది. "నువ్వన్నది అక్షరాలా నిజం. నువ్వు చెయ్యగలిగింది ఏమీ లేదు. ఇక దాన్ని తలుచుకుని కుమిలిపోకు."

మాస్టారి లోపల ఏదో వెచ్చగా పారింది. అది పారుతుండగా ఆయన గమనించారు, పక్క తడిపిన పిల్లాడికి మొదట తెలిసే వెచ్చదనం అది, హాయిగా ఉంటుంది, చల్లారేదాకా. మోగేది కాదు. నొక్కినా మోగేది కాదు. అయితే నొక్కకపోవడానికీ నొక్కడానికీ తేడా ఏముంది, రెండింటి చివరా ఒకటే జవాబు. రెండు మూడేళ్ళ కింద ఒక పిల్ల ఇలాగే అడిగింది, పరీక్ష పేపరు రెండు చేతులతో పట్టుకుని. జవాబు సరిగ్గానే వచ్చింది కదా సార్, సున్నా ఎందుకు? పుస్తకం వెనక చూసి జవాబు వేసి, మధ్యలో నాలుగు తప్పుడు మెట్లు కట్టింది. జవాబు ఎవరిదైనా కావచ్చమ్మా, లెక్క మాత్రం నీది అని చెప్పారు మాస్టారు, నెమ్మదిగా, క్లాసంతా వినేలా. పిల్ల ఏడుస్తూ వెళ్ళి కూర్చుంది. అప్పుడు కూడా లోపల ఆ తీపి ఊరింది. ఛీ. ఈ మనిషి నోట్లో ఏ మంచి మాట పుట్టినా దానికి ఈ తీపి అంటుకునే ఉంటుంది. ఇప్పుడు తనకి పుస్తకం వెనక జవాబు దొరికింది. ముసలాడు స్వయంగా పేజీ తీసి చూపిస్తున్నాడు. కొట్టండి అంది ఆమె. రెండుసార్లు అంది. బొత్తం లోపల చిలుము ఉందని ఆమెకీ తెలియదు, ఆయనకీ తెలియదు. తెలియకుండానే ఆయన నొక్కలేదు. ఆ చిలుము మాత్రం ఎక్కడి నుంచి వచ్చింది, పదకొండేళ్ళు రోజూ కొంచెం కొంచెం పెంచింది ఎవరు.

మెకానిక్ గరుకు కాగితం ముక్క మడిచి రాగిని రుద్దాడు, పెట్రోలు చుక్క వేసి ఊదాడు. పచ్చటి పొడి అతని ముక్కు మీద పడింది. కొత్తదానికి కలిపే ముందు స్విచ్ పని చేస్తోందో లేదో చూడాలని, నేల మీదున్న పాత హారన్ తీసి దాని కాళ్ళకి రెండు తీగలు తగిలించి బొత్తం నొక్కాడు.

పీం.

ఆమె. అచ్చంగా ఆమె. సన్నగా, చివర కొంచెం పైకి లేచి, నవ్వబోయి ఆగినట్టు. మాస్టారు పీట మీద నుంచి లేచి నిలబడ్డారు, ఎప్పుడు లేచారో తెలియదు. బండి కొన్న రోజున షాపువాడు ఒక్కసారి నొక్కి చూపించాడు, పక్కన ఆమె ఉంది, ఆ ఒక్కసారి విన్నదాన్ని పదకొండేళ్ళు నోట్లో దాచుకుని ఆయన వెనక కూర్చుని మోగించింది. ఈ సంగతి ఆయనకి ఇప్పుడు తెలిసింది. మెకానిక్ ఇంకోసారి నొక్కాడు. పీం. చాలు, అని చెయ్యెత్తారు మాస్టారు. క్లాసులో పిల్లాడిలా చెయ్యెత్తి నిలబడ్డారు.

"నేను నొక్కలేదు," అన్నారు.

బస్సు ఒకటి పోతోంది. బావమరిది చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. "ఏంటి బావా?"

"నొక్కలేదు."

"వినపడట్లేదు. గట్టిగా చెప్పు."

ఇరవై రెండేళ్ళలో గొంతు పెంచని మనిషి. పెంచడం ఎలాగో కూడా తెలియలేదు, కడుపులోంచి వాంతిలా తన్నుకొచ్చింది. "నేను హారన్ నొక్కలేదు. కొట్టమని మీ అక్క రెండుసార్లు చెప్పింది. వేలు పక్కనే ఉంది. నేను కొట్టలేదు. ఈయనకేం సంబంధం లేదు." చివరికొచ్చేసరికి గొంతు పగిలి కీచుగా అయింది. రోడ్డు అవతల టీ కొట్టు దగ్గర ఇద్దరు ఇటు తిరిగారు, చూసి, మళ్ళీ అటు తిరిగారు.

బావమరిది చెవి దగ్గరి చెయ్యి దించాడు. మాస్టారి ముఖం చూడలేదు, బొత్తం కేసి చూశాడు, తెల్లటి బూరా బొమ్మ కేసి. తర్వాత మెకానిక్ మెడ దగ్గర వేలాడే దారం పోగుల కేసి చూశాడు, వాటి మీద చూపు ఆగిపోయింది. తను తాగకుండా వదిలేసిన టీ గ్లాసు తీసుకుని, చల్లారిపోయినదాన్ని, ఒక్క గుక్కలో తాగేసి, చేత్తో మూతి తుడుచుకుని, బయట ఎండలోకి వెళ్ళి వీపు ఇటు పెట్టి నిలబడ్డాడు.

మెకానిక్ పని ఆపలేదు. తీగలు కలిపాడు, టేపు చుట్టాడు, డొప్ప మూసి మరలు బిగించాడు. చివరి మర బిగిస్తూ, నేలకేసే చూస్తూ అన్నాడు. "చిలుము మాత్రం ఉంది సార్. నేను చూడాల్సింది. అది నాదే." మాస్టారు ఏదో అనబోయారు. మెకానిక్ తల అడ్డంగా ఊపాడు. ఎవరి తప్పు వాళ్ళు తీసుకున్నాక కూడా, తన వంతు తప్పు తనకే ఉండనివ్వమన్నట్టు. పాత హారన్‌ని పాత పేపరులో చుట్టి ఆయన చేతికిచ్చాడు. మాస్టారు దాన్ని చొక్కా జేబులో పెట్టుకున్నారు. జేబు కిందికి సాగింది. అయింది సార్, నొక్కి చూసుకోండి అన్నాడు మెకానిక్. ఆయన నొక్కలేదు.

బండి బయటికి తీసేసరికి బావమరిది నడక మొదలుపెట్టాడు. వెనక ఎక్కలేదు, ఎక్కమని మాస్టారు అడగనూ లేదు. రోడ్డు మధ్యన నడుస్తున్నాడు, చేతులు వదిలేసి, అటు నుంచీ ఇటు నుంచీ అందరూ అరుస్తున్నా పట్టనట్టు. వీపు అచ్చం వాళ్ళక్కదే, ఎడమ భుజం కొంచెం కిందికి. మాస్టారు వెనకాలే వచ్చారు, ఇంజను మూలుగుతోంది, రెండు కాళ్ళూ నేల మీద ఈడుస్తూ, ఆ రోజు వెనక్కి తోసినట్టే ఇప్పుడు ముందుకి. ఒక అడుగు. ఇంకో అడుగు. పక్క నుంచి పోవచ్చు, చోటు లేదని కాదు. పోలేదు. బొటనవేలు హ్యాండిల్ రబ్బరు మీద ఉంది. ఆ అంగుళం దూరం అలాగే ఉంది, ఎవరూ దాన్ని తగ్గించలేదు. వేలు వెతికింది, మొదట ఇండికేటర్ తగిలింది, ఇంకొంచెం కింద నున్నగా, ఎప్పుడూ ముట్టుకోని చర్మంలా, బొత్తం తగిలింది.

"కొట్టు బావా," అన్నాడు బావమరిది, వెనక్కి తిరగకుండా, ప్రెస్సులో మాట్లాడే గొంతుతో.

మాస్టారు నొక్కారు. ఆ చప్పుడు ఎర్రగా, తడిగా, లోపలి నుంచి ఊడి వచ్చినట్టు వచ్చింది, పళ్ళు జివ్వుమన్నాయి, జేబులోని పాత బిళ్ళ పేపరులో సన్నగా వణికింది. రోడ్డు మీద ఒక్కరూ తల తిప్పలేదు. బావమరిది భుజాలు ఒక్కసారి ఉలిక్కిపడ్డాయి. రెండడుగులు వేసి, పక్కకి తప్పుకుని, కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. దారి ఖాళీ అయింది. మాస్టారు ముందుకు పోలేదు. వేలు తియ్యలేదు.